జంగీ జహాజూ మా ఊరి ముక్కూ

జపాను యుద్ధంలో మా జంగీ జహాజు మీదున్న పెద్ద ఫిరంగిని పేల్చింది నేనే. నేను పేల్చినప్పుడల్లా బర్మా ఒడ్డున కొబ్బరికాయలు వాటంతటవే రాలిపడేవి. తెల్ల కప్తాను నా భుజం తట్టి, "నువ్వు లేకపోతే ఈ ఓడ ఎప్పుడో మునిగేది" అనేవాడు. ఈ మాటలు స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఎన్ని అరుగుల మీద కూర్చుని చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ళలో కల్లు తాగుతున్నవాళ్ళు ఎక్కువ గనుక నమ్మినవాళ్ళూ ఎక్కువే.

ఆ ఫిరంగిని నేను ముట్టుకున్నది ఒక్కసారి. అదీ తుడవడానికి. తుడుస్తుంటే ఫిరంగి మనిషి వచ్చి నా చేతిలోని గుడ్డ లాక్కుని సముద్రంలోకి విసిరేశాడు. ఆ గుడ్డకు పప్పు అంటుకుని ఉంది మరి.

నేను వంటవాణ్ణి. పూర్తి వంటవాణ్ణి కూడా కాదు. ఓడ మీద వంటవాణ్ణి బండారీ అంటారు. ఆ బండారీకి ఆలుగడ్డల తోలు తీసి పెట్టేవాణ్ణి. అబద్ధం నమలడానికి పళ్ళుండాలి, నాకిప్పుడు అవి లేవు. అందుకని నిజమే రాస్తాను. అక్కడక్కడా నాలుక జారితే వెంటనే నేనే ఒప్పేసుకుంటాను, మీరు పట్టుకునే అవసరం లేకుండా.

మా ఊరి నుంచి ఘన్‌పూర్ స్టేషనుకు నడిచి పోవచ్చు. దొర గడీలో వెట్టి చెయ్యలేక ఒకనాడు పశువులను మేతలోనే వదిలేసి రైలెక్కాను. దొర గుర్రాన్ని ఎత్తుకుపోయానని తర్వాత చెప్పుకున్నాను. ఎత్తుకుపోయింది సద్దిమూట. అది కూడా మా అక్క కట్టిచ్చిందే. అమ్మా నాయినా గత్తరలో, అదే కలరాలో, పోయాక నన్ను పెంచింది ఆ అక్కే. బెజవాడ మీదుగా విశాఖపట్నం చేరి, యుద్ధానికి మనుషులను తీసుకుంటున్న చోట వరసలో నిలబడ్డాను. ఏం పని వచ్చునని అడిగారు. నా ముందువాడు వంట అన్నాడు, నేనూ వంట అన్నాను. నాకొచ్చిన వంట జొన్నగటక ఒక్కటే.

ఆ ఓడకు ఎవరో తెల్లదొరసాని పేరు పెట్టారు. నా నోట అది ఎప్పుడూ సరిగ్గా పలకలేదు, ఇప్పుడు పలికించి ఆమెను అవమానించను. అలాంటి ఓడలను డిస్ట్రాయర్లు అంటారు, అంటే నాశనం చేసేవి. మొదటి నెలంతా అది నాశనం చేసింది నా కడుపునే. పెద్ద యుద్ధనౌకలు ఏనుగుల్లా నడుస్తుంటే ఇది మేకపోతులా గెంతేది. సన్నగా, పొడుగ్గా ఉండేది. అల తగిలితే చేటలో గింజల్లా అందరం ఈ పక్క నుంచి ఆ పక్కకు దొర్లేవాళ్ళం. అన్నం గుండిగ జారిపోకుండా చుట్టూ ఇనుప కడ్డీలు బిగించేవాళ్ళం. సగానికి మించి నింపకూడదు. నింపితే మిగతా సగం మన పాదాల మీద ఉడుకుతుంది.

బండారీ కొంకణం మనిషి. సముద్రాన్ని తన మొదటి పెళ్ళాం అనేవాడు. "రెండో ఆమె ఇంటి దగ్గర ఉంది, ఆమె తిడుతుంది, ఈమె కొడుతుంది, అంతే తేడా" అని హిందుస్తానీలో చెప్పి తనే నవ్వేవాడు. ఫిరంగి మనిషి పంజాబువాడు. ఎత్తు ఎంతంటే తలుపులన్నీ అతనితో నమస్కారం పెట్టించుకునేవి. ఫిరంగి మోతకు ఒక చెవి పోయింది. ఏదైనా చెప్పాలంటే చుట్టూ తిరిగి రెండో చెవి దగ్గరికి పోవాలి, మనం తిరిగేలోపు తనూ తిరిగేవాడు. అలా ఒకసారి నేనూ ఆయనా అన్నం చల్లారిపోయేదాకా గుండ్రంగా తిరిగాం. కప్తాను సంగతి ఓడ మొత్తానికీ తెలుసు, ఎవరూ అనరు. ఆయనకు సముద్రం పడదు. రేవు దాటగానే టోపీ సరిచేసుకుని గంభీరంగా గదిలోకి పోయి వాంతి చేసుకుని, మళ్ళీ టోపీ సరిచేసుకుని అంతే గంభీరంగా బయటికి వచ్చేవాడు. ఎండు బిస్కట్లు పట్టుకుపోయేది నేనే కాబట్టి నాకు బాగా తెలుసు. నా భుజం ఆయన తట్టింది ఒకసారి నిజమే. అల వచ్చి, పట్టుకోవడానికి ఇంకేమీ దొరక్క.

పైన ఎత్తులో నిలబడి సముద్రాన్ని కాపలా కాసేవాడు ఒక మలబారు పిల్లవాడు. నా ఈడువాడే. దూరంలో ఏది కనిపించినా ఒక గొట్టంలోకి అరిచి చెప్పాలి. ఎడమవైపు కనిపిస్తే "ఎరుపు", కుడివైపు కనిపిస్తే "పచ్చ". అది వాళ్ళ పద్ధతి. ఆ అరుపు మా వంటగదిలోకీ వినిపించేది. అతని గొంతు విని మేము గుండిగ గట్టిగా పట్టుకునేవాళ్ళం, ఓడ ఇప్పుడు మలుపు తిరుగుతుందని.

ఒక పొద్దున ఎండలోంచి విమానం వచ్చింది. "ఎరుపు" అన్నదాకా వినిపించింది. ఆ మధ్యాహ్నం నేను అలవాటుగా అతని పళ్ళెంలో కూడా అన్నం పెట్టాను. బండారీ చూశాడు. దాన్ని పారబోయలేదు. తనే కింద కూర్చుని, సముద్రాన్ని బూతులు తిడుతూ, ఆ అన్నం చివరి మెతుకుదాకా తిన్నాడు.

దీన్ని నేను ఏ అరుగు మీదా చెప్పలేదు. ఇందులో పెంచడానికి ఏమీ దొరకలేదు.

యుద్ధం అయిపోయి నేను ఊరికి తిరిగొచ్చేసరికి మా ఊరే యుద్ధంలో ఉంది. దొర పట్నం పారిపోయాడు. వెట్టి ఆగిపోయింది. లేవీ ధాన్యం కోసం, సంఘం మనుషుల కోసం నిజాం సర్కారు పోలీసులు లారీల్లో వస్తున్నారు. జనం చేతుల్లో వడిసెలలు, రోకళ్ళు, కొంగుల్లో కారప్పొడి. అలాంటి ఊళ్ళోకి ఖాకీ నిక్కరు వేసుకుని మిలిటరీ మనిషి దిగితే ఎట్లా ఉంటుంది? మొదటి సాయంత్రమే అరుగు నిండింది.

"జహాజుల నువ్వేం పని జేసినవ్‌రా?" అని అడిగాడు కల్లుగీసే మామ. వరసకు మామ కాదు, ఊరందరికీ మామ.

నేను నోరు తెరిచాను. ఆలుగడ్డలు నాలుక కొసకు వచ్చాయి. చుట్టూ చూశాను, ఇన్ని కళ్ళు నా వైపు తిరగడం అదే మొదటిసారి.

"ఫిరంగి" అన్నాను.

"ఎంతుంటది?"

"నీ తాటిచెట్టంత."

"నా చెట్టు కల్లన్న ఇస్తది. మరి గదేమిస్తది?"

"జపానోని పీనుగనిస్తది మామా!"

అరుగు అదిరిపోయింది. మామ తన ముంతలోని కల్లు నాకే పోశాడు. అక్క మాత్రం గుమ్మంలో నిలబడి, "పటాకుల సప్పుడుకే గొంగట్ల దూరెటోడు, ఫిరంగి పేల్చిండట" అంది. అందరూ నవ్వారు, ఆమె నవ్వలేదు.

అక్క భర్త, అంటే మా బావ, అప్పటికి దళంలో ఉన్నాడు. మానుకోట దిక్కు అడవుల్లో తిరుగుతూ ఎప్పుడో ఒకసారి మెరుపులా వచ్చిపోయేవాడు. నా మాటలు ఆయన దాకా పోయి ఊరికి కబురు వచ్చింది: మిలిటరీ మనిషిని ఊరికే కూర్చోబెట్టకండి, పోలీసులొస్తే ముందే తెలిసే ఉపాయమేదైనా చెప్పమనండి అని.

ఫిరంగి లేదు గనుక ఫిరంగి నేర్పే పని తప్పింది. లేకపోతే ఏం చేసేవాణ్ణో. మలబారు పిల్లవాడి పద్ధతి గుర్తొచ్చింది. "ఎత్తులో మనిషిని పెట్టాలె. ఎడమకెల్లి అస్తే ఎర్ర అనాలె. కుడికెల్లి అస్తే పచ్చ అనాలె" అన్నాను మీసం మెలేస్తూ. మీసం అప్పటికి సరిగ్గా మొలవలేదు, మొలవాల్సిన చోటు మెలేశాను.

ఎత్తుకు తాటిచెట్టుంది. మనిషికి మామ ఉన్నాడు. కానీ మామ అడ్డం తిరిగాడు.

"పోలీసోడు అస్తాంటె ఎర్ర అని ఎట్ల మొత్తుకుంటర్రా? ఎర్రజెండ మనది గాదా? నా నోట్లెకెల్లి గా మాట రాదు."

రంగులు వద్దు, ఎడమ, కుడి చాలన్నాను. ఊరికి లారీ వచ్చే బాటలు రెండే. ఒకటి వాగు దాటి వస్తుంది, ఇంకొకటి తండా మీదుగా వస్తుంది. ఏ బాటన వస్తే దానికి ఎదురు దిక్కు జనం పరుగెత్తాలి. తేలికే అనిపించింది. ఒక పొద్దున పరీక్ష పెట్టాం. మామ చెట్టెక్కి, గొంతంతా పెట్టి, "ఎడమా!" అని అరిచాడు.

సగం ఊరు వాగు దిక్కు పరుగెత్తింది. సగం ఊరు తండా దిక్కు పరుగెత్తింది. నడుమ ఇద్దరాడవాళ్ళు నీళ్ళకుండలతో ఢీకొని, రెండు కుండలూ పగిలి, పోలీసులు లేకుండానే ఊళ్ళో కొట్లాట మొదలైంది.

"ఎవని ఎడమ? నా ఎడమనా, నీ ఎడమనా?"

"నువ్వు నాకెదురుంగ నిలవడ్డవ్, నీ ఎడమ నాకు కుడైతది గదనే!"

అక్క వాళ్ళను విడదీసి నా దగ్గరికి వచ్చింది. "తమ్మీ, జహాజు ఒక దిక్కు పోతాంటది. దానికి ముక్కుంటది. ముక్కు దిక్కు జూస్తె ఎడమేదో తెలుస్తది. ఊరు యాడికి వోతదిరా? ఊరికి ముక్కెటు?"

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఎడమ ఓడ ముక్కును బట్టి చెప్పేదని. అన్నాళ్ళూ అడుగున ఆలుగడ్డల మధ్య కూర్చుని మాట విన్నానే తప్ప, దాన్ని ఎక్కడి నుంచి చూసి చెబుతారో అడగలేదు. నా వరకు ఎడమ అంటే ఉల్లిగడ్డల బుట్ట, కుడి అంటే పొయ్యి. అయినా మిలిటరీ మనిషిని కదా.

"ఉంటదక్కా. ఎసొంటి ఊరికైన ముక్కుంటది. ఎటున్నదో మీరే నిర్ణయం జేసుకోవాలె. జహాజుల గూడ గట్లనే" అన్నాను.

ఇక చూడండి. కుమ్మరి వాడ వాళ్ళు ముక్కంటే కుమ్మరి ఆవమే అన్నారు, పొగ వచ్చేది అక్కడి నుంచే గనుక. చర్చి దగ్గరి ఇళ్ళవాళ్ళు, మా గంట మోగితేనే ఊరు లేస్తుంది గదా, ముక్కు మాది అన్నారు. గడీ తలుపు పడమటి దిక్కు ఉంది గనుక అదే ముక్కు అని ఎవడో అంటే అతన్ని కొట్టినంత పని చేశారు. "దొరను ఎల్లగొట్టి, మల్ల ఆనికే ముక్కిస్తమా?" ఒక ముసలవ్వ గొంతు మాత్రం అందరి కంటే పైన వినిపించింది. "ముక్కెటన్న వెట్టుకోండ్రి. తోక యాడనో జెప్పుండ్రి, నేను గాడ గూసుంట. పోలీసోడు గాడిదాక అచ్చేసరికి అల్సిపోతడు."

చివరికి సూర్యుడు అందరివాడు గనుక ముక్కు తూర్పు అన్నారు. తూర్పుకు తిరిగి నిలబడితే ఎడమ వాగు, కుడి తండా. కొన్నాళ్ళు పొద్దున్నే ఊరంతా తూర్పుకు తిరిగి నిలబడి, చేతులు చాపి, "ఎడమ వాగు, కుడి తండా" అని నేర్చుకుంది. పక్క ఊరివాళ్ళు చూసి మేమేదో కొత్త దేవుణ్ణి పట్టామనుకున్నారు. ఓడ మీద రోజూ ఇట్లాగే చేసేవాళ్ళమని చెప్పాను. చేసేవాళ్ళం కాదు.

ఇదంతా ఆటలాగే ఉండేది, బావను మంచం మీద మోసుకొచ్చిన రోజుదాకా. నర్సింహులపేట దిక్కు పోలీసులతో తలపడినప్పుడు తొడలో తూటా దిగింది. తూటా తీశారు గానీ గాయం చీము పట్టింది. కాలు కింద పెట్టలేడు, ఒళ్ళు కాలిపోతోంది. అడవిలో ఉంచితే గాయంతో పోతాడు, ఊళ్ళో ఉంచితే పోలీసులకు దొరుకుతాడు. దొరికిన దళం మనుషులు ఎవరూ తిరిగి ఇంటికి వచ్చినట్టు మేము వినలేదు.

అక్క పసుపు, వేపాకు నూరి కట్టు కట్టి బయటికి వచ్చింది. నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, నీ కొబ్బరికాయల ముచ్చట నేనడుగ. గీయిన పాణం నీ చేతుల వెడుతాన. లారీ అస్తే మంచం ఎత్తుకొని ఎదురు దిక్కు ఉరుకాలె, గంతే గద? గీ ఎడమ, కుడి... పనిజేస్తదా?"

"జేస్తదక్కా."

"నా మీద ఒట్టు వెయ్యి."

వేశాను. నా జీవితంలో అన్ని అబద్ధాలూ సరదాకు ఆడినవే, అదొక్కటి తప్ప.

ఆ పొద్దు ఎండ బాగా కాసింది. మామ కల్లు దించడానికి చెట్టు మీద ఉన్నాడు. మేమింకా ముఖాలు కడుక్కోలేదు.

"ఎడమా! ఎడమా! లారీ! ఎడమా!"

ఊరు ఒక్కమాట మీద కదిలింది. ఎడమ అంటే వాగు, కాబట్టి అందరూ తండా దిక్కు. నేనూ, అక్కా, పక్కింటి అన్నదమ్ములిద్దరూ మంచం నాలుగు కోళ్ళూ పట్టుకుని ఉరికాం. బావ పళ్ళు బిగించాడు. నాకు లోపల గర్వంగా కూడా అనిపించింది. నా పద్ధతి పనిచేస్తోంది, కప్తాను చూస్తే మళ్ళీ భుజం తట్టేవాడు అనుకున్నాను.

తండా బాట మలుపు తిరిగాం. ఊరి ముక్కు ఎటో అంతకాలం తేలలేదు గానీ, లారీ ముక్కు ఎటో అప్పుడు తేలింది. మా ఎదురుగానే ఉంది.

ఏం జరిగిందంటే, ఊరంతా తూర్పుకు తిరిగి నేర్చుకుంది, మామ తప్ప. ఆయన చెట్టు మీద ఉంటాడు, కింద జరిగే చదువు ఆయనకెందుకు? పొద్దున్నే ఎండ కళ్ళల్లో పడుతుందని తూర్పుకు వీపు తిప్పి కూర్చున్నాడు. పడమటికి తిరిగినవాడి ఎడమచెయ్యి తండా వైపు ఉంటుంది. ఆయన తన ఎడమ చెప్పాడు. మేము ఊరి ఎడమ విన్నాం.

"రుకో! మంచం దించు!"

అమీను, అంటే పోలీసు ఇన్‌స్పెక్టరు, లారీ దిగాడు. వెనకే జవాన్లు, వాళ్ళ పెద్ద అయిన ముసలి జమేదారు. అక్క ముందుకు వచ్చింది.

"నా పెనిమిటి సాబ్. ఎద్దు వొడిచింది. టేషన్‌కు తీస్కవోయి రైలెక్కియ్యాలె, జనగామ దవాఖానకు."

అమీను దుప్పటి కొంచెం ఎత్తి, వాసనకు ముక్కు మూసుకుని వెంటనే వదిలేశాడు. అంతటితో మమ్మల్ని పోనిచ్చేవాడేమో. కానీ ఆయన చూపు నా నిక్కరు మీద పడింది.

"ఏ నిక్కరిది? యాడిది?"

"జంగీ జహాజు సాబ్!" అన్నాను. అరుగుల మీద అన్ని రోజులు అన్న నాలుక, నన్ను అడగకుండానే అనేసింది.

అమీను ముఖం విచ్చుకుంది. "అచ్ఛా! గా ఫిరంగీవాలా నువ్వేనా? బేటా, నీ కోసమే అచ్చినం. టేషన్ కాడ ఛాయ్ హోటల్‌ల గూడ నీ ముచ్చటే. సంఘపోళ్ళకు ఫిరంగి నేర్పుతున్నవంట గద?"

నా అబద్ధం నాకంటే ముందు స్టేషన్ దాకా నడిచిపోయి, అక్కడ ఛాయ్ తాగి, పోలీసు లారీ ఎక్కి తిరిగొచ్చింది.

నన్ను పట్టుకుపోతారు, సరే. నాతో పాటు మంచం కూడా పోతుంది. ఫిరంగివాడు మోస్తున్న మంచం మీద గాయపడ్డవాడు ఎవడో కనుక్కోవడానికి అమీనుకు పెద్ద బుద్ధి అక్కర్లేదు.

"లేదు సాబ్, నాకు ఫిరంగి తెల్వదు" అన్నాను.

ముసలి జమేదారు మీసం దువ్వుకున్నాడు. వెనుకటి యుద్ధంలో ఫిరంగుల దగ్గర పనిచేసి వచ్చిన మనిషట. "చెప్పు, జహాజు ఫిరంగిల గుండు యాడికెల్లి పెడ్తరు?"

"ముందలికెల్లి సాబ్. నోట్లె."

జమేదారు నవ్వాడు. "పెండ్లిల పేల్చే పిట్టతుపాకి గాదురా! జహాజు ఫిరంగికి ఎనకకెల్లి పెడ్తరు. సాబ్, గీనికేం తెల్వదు."

"నాటకం" అన్నాడు అమీను. "తెలిసినోడే తెల్వనట్టు జేస్తడు."

నా జీవితంలో మొదటిసారి ఒక అధికారి ముందు నిజం చెప్పాను, నమ్మలేదు. అప్పటికి పొదల్లోంచి ఊరివాళ్ళు ఒక్కొక్కరే బయటికి వస్తున్నారు. మామ కూడా చెట్టు దిగి రొప్పుతూ వచ్చాడు. నన్ను అబద్ధాలకోరని అంటున్నారనుకున్నాడు పాపం. ఊరి పరువు పోతుందని ఛాతీ విరిచి నిలబడ్డాడు.

"మావోడు అబద్ధమాడడు సాబ్! ఫిరంగి పేల్చిండు! పేల్చితే కొబ్బరికాయలు రాలినయట!"

"అవు సాబ్, నా తాటిచెట్టంత ఫిరంగట!" అని కూడా జతచేశాడు.

"దేఖా?" అన్నాడు అమీను. జవాను నా రెక్క పట్టుకున్నాడు.

అక్క నా వైపు చూసింది. మెల్లగా, ఇంట్లో కూర ఏం చేద్దామని అడిగినంత మామూలుగా అంది. "తమ్మీ, ఆలుగడ్డల సంగతి జెప్పు."

ఆమెకు తెలుసు! తర్వాత అడిగితే చెప్పింది. నేను వచ్చిన మొదటిరోజే ఆలుగడ్డ తోలు తీసిన తీరు చూసి, వీడు కత్తి పట్టిన సిపాయే గానీ ఆ కత్తి వేరని అనుకుందట. తమ్ముడి పరువు తీయడం ఎందుకని ఊరుకుందట.

ఊరంతా వింటోంది. "నేను బండారీని సాబ్" అన్నాను. "వంటోణ్ణి. వంటోణ్ణి గూడ గాదు, వంటోని కింద ఆలుగడ్డలు గీకెటోణ్ణి."

మామ నోరు తెరుచుకుంది. అట్లాగే ఉండిపోయింది.

"సబూత్?" అన్నాడు అమీను.

రుజువు ఏం చూపిస్తాను? బాట మధ్యలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాను. లేని గుండిగకు లేని కడ్డీలు బిగించాను. అల వచ్చింది, ఎడమకు ఒరిగాను. ఎవరి ఎడమకో అడగకండి. గుండిగను కౌగిలించుకున్నాను. పప్పు ఒలికింది, పాదం కాలింది, ఎగిరాను. బండారీ తిట్టాడు, ఆయన తిట్లు హిందుస్తానీలోనే తిట్టాను, జవాన్లు కిసుక్కుమన్నారు. పంజాబువాడి చెవి కోసం గుండ్రంగా తిరిగాను. కప్తానులా టోపీ సరిచేసుకుని, పక్కకు పోయి వాంతి చేసుకుని, మళ్ళీ టోపీ సరిచేసుకుని వచ్చాను. అది చూసి జమేదారు లారీ తలుపు పట్టుకుని కూలబడ్డాడు. "సాబ్, మా కర్నల్ సాబ్ గూడ అచ్చం గిట్లనే!" అన్నాడు, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ. ఓడలో ఉన్న అందరినీ ఆడించాను, మలబారు పిల్లవాణ్ణి తప్ప.

అమీను పెదవులు కూడా వంకర తిరుగుతున్నాయి. అక్క ఆ క్షణాన్నే పట్టుకుంది. "సాబ్, ఎండ ఎక్కుతాంది, మనిషి ఆగేటట్టు లేడు. మేము పోతం."

అమీను నా మీంచి కళ్ళు తీయకుండానే చెయ్యి ఊపాడు. మంచం లేచింది. నా కోడు పట్టుకోవడానికి మామ ఉరికాడు, నోరింకా మూసుకోకుండానే.

నేను ఆపితే అందరి చూపూ మంచం వైపు పోతుంది. అందుకని ఉడికిన అన్నాన్నే మళ్ళీ ఉడికించాను. వడ్డించాను. అంట్లు తోమాను. మంచం గుట్ట చాటుకు పోయాకగానీ గుండిగ దించలేదు.

ఓడ ఊగినట్టు ఎంత బాగా నటించానో అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నటన కాదు. ఓడ మీద రోజూ పడ్డ పాటే.

"గీనికోసమా పెట్రోల్ కాల్చుకుంట అచ్చినం!" అని అమీను నన్నొక తోపు తోశాడు. ఊరు వెతికారు, తిట్టారు, పొద్దు తిరిగేసరికి పోయారు. పోతూ పోతూ జమేదారు లారీ మీంచి నాకు సెల్యూట్ కొట్టాడు, గంటె పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి.

బావను తండా వాళ్ళు జొన్నచొప్ప కుప్పల మధ్య దాచారు. నేను పోయేసరికి ఆయన నొప్పితోనూ నవ్వుతోనూ కలిపి మూలుగుతున్నాడు. "బామ్మర్దీ, జర ఆగు, నవ్వియ్యకు, పుండు పగుల్తది."

అక్క నవ్వలేదు. నా తల మీద చెయ్యి పెట్టి, "నువ్వు నిజంగ ఫిరంగి పేల్చినోనివైతే, ఇయ్యాల నా పుస్తె తెగుతుండె" అంది. తర్వాత ఆ చేత్తోనే ఒక్కటి వేసింది. అది ఒట్టు కోసం.

మామ రెండు రోజులు మా అరుగు దిక్కు రాలేదు. వచ్చినప్పుడు అన్నది ఇదే. "ఇగ నేను వాగు అంట, తండా అంట. మీ ఎడమలు, కుడులు మీ కాడనే వెట్టుకోండ్రి. అయినా ఒక్క ముచ్చట చెప్పురా, గా ఫిరంగి నా చెట్టంత ఉన్నది మాత్రం నిజమేనా?"

"సగముంటది మామా."

"పోనీ తియ్. సగమన్న ఉన్నది."

నేను నడిచిపోతుంటే పిల్లలు ఓడలా ఊగుతూ నా వెనక వచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళలో ఫిరంగివాలా ఏడీ, పప్పు కలపమనండి అని పిలిచేవాళ్ళు. పోయి కలిపేవాణ్ణి.

బావ కాలు నయమైంది, కుంటు మిగిలింది. పట్నంలో సర్కారు మారింది, లారీల బదులు పెద్ద మిలిటరీ ట్రక్కులు వచ్చాయి, దళం భూపాలపల్లి అడవుల్లోకి పోవలసి వచ్చింది. బావ నన్నూ రమ్మన్నాడు. "తుపాకి నీకియ్య. గంటె వట్టుకొని రా."

కాళేశ్వరం దిక్కు, గోదావరి వాసన గాలిలో తెలిసేంత దగ్గర, ఒక మధ్యాహ్నం దళానికి మొదటిసారి గటక వండాను. అందరూ ఆకుల్లో పెట్టించుకుని కూర్చున్నారు. కొత్తగా వచ్చినతను అడిగాడు. "అన్నా, నువ్వు జహాజుల చేసినవంట గద. ఏం జేసెటోనివి?"

బావ తినడం ఆపి నా వైపు చూశాడు.

"బండారీని" అన్నాను. "వంట."

బావ మళ్ళీ ముద్ద కలిపాడు. అక్కడితో ఆగవచ్చు. ఆగలేదు. "కప్తానుకు నా గటక అంటె పాణం. నా గటక తినందే లంగరు ఎత్తనిచ్చెటోడు గాదు."

బావ దగ్గాడు. దగ్గు తగ్గాక కుంటికాలు ముందుకు చాపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, ముఖం వికారంగా పెట్టాడు.

"ఉప్పెక్కువైందిరా."

అయింది. ఓడ మీద మంచినీళ్ళు మిగల్చడానికి ఆలుగడ్డలను సముద్రపు నీళ్ళతోనే ఉడకబెట్టేవాళ్ళం. ఉప్పు వేసే చెయ్యి నాకు అప్పటికింకా కుదరలేదు. అదే చెప్పాను, పెంచకుండా. బావ నమ్మలేదు. గోదావరి తాగినా ఈ దాహం తీరదని తిట్టాడు, నా వంశాన్ని తిట్టాడు, ఆ వంశంలోనే తన పెళ్ళాం ఉందని గుర్తొచ్చి సగంలో ఆపాడు. ఆపి, ఆకు ముందుకు జరిపి, ఇంకో గంటెడు వెయ్యమన్నాడు.